చల్లారిన రక్తం మాట్లాడదు

కుంపటి అన్న పేరు ఆమెకి పెట్టింది మాష్టారే. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు రక్తపు ట్యూబు ఎలా పట్టుకోవాలో చూపిస్తూ ఆయన ఆమె వేళ్ళు సర్దబోయి, చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

"జ్వరమా అమ్మాయ్?"

"కాదండీ. నా చేతులే అంత."

"చేతులా, కుంపట్లా?" అన్నారాయన. ఆస్పత్రిలో ఒకసారి పేరు పడిందంటే పుట్టుమచ్చ పడ్డట్టే. ఆ రోజునుంచీ జీతం కాగితం మీద తప్ప ఆమె అసలు పేరు ఇంకెక్కడా కనబడలేదు. నోరు కూడా చేతులకి తీసిపోయేది కాదు కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు నోటిని చూసి పెట్టారనుకునేవారు.

ఇంట్లో ఆ చేతుల మీద బోలెడు వేళాకోళం. మొగుడు సరదామనిషి. "నాకు చలికాలంలోనే పెళ్ళాం, ఎండాకాలమంతా బ్రహ్మచారిని" అని చుట్టాలందరి ముందూ అనేవాడు. వేళాకోళం కానిది మాత్రం ఒకటుంది. కూతురు చిన్నప్పుడు ఒంట్లో జ్వరం ఉందో లేదో కన్నతల్లికి తెలిసేది కాదు. నుదుటిమీద చెయ్యివేస్తే ఎప్పుడూ చల్లగానే తగిలేది. ఒకసారి పిల్ల కళ్ళు తేలేసేదాకా "ఒళ్ళు చల్లగానే ఉంది, పడుకోనివ్వండి" అంటూ కూర్చుంది. పక్కవాటా ఆవిడ వచ్చి పిల్లని ముట్టుకుని, "నీ చెయ్యి తగలెయ్య, కాలిపోతోందే ఇది" అని ఎత్తుకుని పరిగెత్తింది. మర్నాడు కుంపటి థర్మామీటరు కొనుక్కుంది. పిల్ల నుదుటిమీద చెయ్యి వెయ్యడం మానేసింది. అంత తెలిసిన మనిషికి ల్యాబులో ఆ బుద్ధి ఎందుకు రాలేదో, అదే ఈ కథ.

ల్యాబులో ఆ చేతులకి మహా గౌరవం. అప్పట్లో ల్యాబు పాత భవనం నేలమాళిగలో ఉండేది. ల్యాబుకీ, శవాలు ఉంచే చల్లటి గదికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి ఏడాది పొడుగునా చెమటలు. దానికి వీపు ఆనించి కూర్చునే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. కుర్చీలన్నీ ఇవతలికి జరిగి ఉండేవి. గోడ పక్కన పెట్టిన ట్యూబుల్లో రక్తం మందంగా మారి, స్లైడు మీద సరిగా పరుచుకునేది కాదు. అందుకని మాష్టారు ఒక పద్ధతి పెట్టారు. ఎవరి రక్తమైనా సరే, ముందు ట్యూబుని రెండు అరచేతుల మధ్య ఇరవైసార్లు మెల్లగా దొర్లించాలి. స్లైడుని వెచ్చటి పెట్టెమీద పెట్టుకోవాలి. ఆ తరవాతే మూత తీయాలి.

"చల్లారిన రక్తం మాట్లాడదమ్మాయ్. వెచ్చబెట్టి అడగాలి," అనేవారు.

మిగిలినవాళ్ళు ఇరవై అన్నది పదికి దించి, పది అయిదు చేసి, చివరికి ఎగ్గొట్టారు. కుంపటి ఒక్కతే ముప్పై ఒక్క ఏళ్ళు లెక్క తప్పకుండా దొర్లించింది. ఆమె సంతకం పెట్టిన రిపోర్టు ఒక్కటీ వెనక్కి రాలేదు. మాష్టారు పనిచాలించి వెళ్ళిపోతూ, ఆమె రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకుని, "ల్యాబు వీటిలో వదిలి వెళ్తున్నాను" అన్నారు. ఆ మాటకి ఆమె వారంరోజులు ఏడ్చింది.

మాష్టారు వెళ్ళిన పద్నాలుగేళ్ళకి ఆయన రక్తమే ల్యాబుకి వచ్చింది.

అప్పటికి ల్యాబు కొత్త భవనంలోకి మారింది. శవాలగది గోడ పోయింది గానీ రక్తకణాలు లెక్కపెట్టే మిషను కోసమని పగలూ రాత్రీ ఏసీ వచ్చింది, అదీ ఇదీ ఒకటే. మిషను దగ్గర కూర్చునే అతన్ని అందరూ స్వెటరు అనేవారు. నలభై దాటినవాడు, మితభాషి, పన్నెండు నెలలూ అదే బూడిదరంగు స్వెటరు. అతని చేతులు చేపల్లా చల్లగా ఉండేవి. అతను కుంపటిని అక్కా అనేవాడు, ఆమె అతన్ని తమ్ముడూ అని పిలిచి మరీ తిట్టేది.

మాష్టారికి రెండేళ్ళ కిందట మెడమీద గడ్డలు లేచాయి. లింఫోమా అన్నారు. రక్తపు క్యాన్సర్లలో అదొక రకం. మందులు ఎక్కించారు, గడ్డలు కరిగాయి, మనిషి లేచి తిరిగాడు. ఇప్పుడు హఠాత్తుగా నాలుగు మెట్లెక్కితే ఆయాసం, మొహం పాలిపోయి పసుపుపచ్చన. మూడో అంతస్తులో చేర్చారు. రోజు విడిచి రోజు ఆయన ట్యూబు కిందికి వచ్చేది.

మొదటి ట్యూబు వచ్చిన రోజే స్వెటరు లేచి వచ్చాడు.

"అక్కా, మాష్టారి ట్యూబు మిషను ఒప్పుకోవట్లేదు. కణంలో రంగు అంకె చూడండి. యాభై ఎనిమిది."

ఒక్కో ఎర్రకణంలో ఎంత రంగు నిండి ఉందో చెప్పే అంకె అది. ఏ మనిషికీ ముప్పై ఆరు దాటదు. యాభై ఎనిమిది అంటే శేరు చెంబులో శేరున్నర పాలు ఉన్నాయన్నట్టు.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట. ఇలా ఇవ్వు," అంది కుంపటి. మాష్టారిది కదా అని ఇరవైకి నలభైసార్లు దొర్లించింది. ఈసారి మిషను బుద్ధిగా ముప్పై నాలుగు అంది. మొదటి కాగితాన్ని నలిపి చెత్తబుట్టలో పడేసి, "నీ చేతుల్లో ఏముందో గానీ తమ్ముడూ, రక్తం బెదిరిపోతోంది" అంది. స్వెటరు వెళ్ళి మిషను ముందు కూర్చున్నాడు.

అది మొదలు. మూడు వారాల్లో పదకొండుసార్లు అదే తంతు. అతని చేతిలో లేనిపోని అంకె, ఆమె చేతిలో మంచి అంకె. మారనిది ఒక్కటే, మొత్తం హిమోగ్లోబిన్. అది ఎవరి చేతిలోనైనా ఒకటే చెప్పేది, ఎప్పటికప్పుడు తక్కువే చెప్పేది. తొమ్మిది. ఎనిమిది. ఏడు.

రెండోవారంలో బ్లడ్ బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. అక్కడి అతను గొంతు తగ్గించి మాట్లాడాడు, పక్కన ఎవరో వింటున్నట్టు.

"మేడమ్, మీ మాష్టారికి రక్తం కలిపి చూస్తున్నాను. ఎవరిదీ పడట్లేదు. ఆరుగురిది చూశాను, ఆరూ గుంపుకట్టాయి."

"గ్రూపు సరిగ్గా చూశావా?"

"రెండుసార్లు చూశాను. అనుమానమొచ్చి ఆయన కణాల్నే ఆయన రక్తం పైన తేరిన నీళ్ళలో కలిపాను. అవీ గుంపుకట్టాయి. ఆయన రక్తం ఆయనకే పడట్లేదు మేడమ్."

కుంపటి వీపు మీద పాత గోడ తగిలినట్టయింది. ఒక్క క్షణమే. ముప్పై ఏళ్ళ అనుభవం వెంటనే నోరు విప్పింది. "వెచ్చబెట్టి చూడవయ్యా," అంది.

అరగంటలో మళ్ళీ ఫోను. "మీరన్నట్టే వెచ్చబెట్టాను. చక్కగా సరిపోయింది. రెండు సంచులు పైకి పంపించాను."

ఆ పూటంతా ఆమెకి భలే ఉషారు. మాష్టారు నేర్పిన విద్య మాష్టారికే అక్కరకొచ్చిందని ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఆ రెండు సంచులూ చల్లగానే మాష్టారి ఒంట్లోకి వెళ్ళాయి. సాయంత్రానికి ఆయన మంచం గడగడలాడేలా వణికారు. మర్నాడు మూత్రం కషాయం రంగులో వచ్చింది. రెండు సంచుల రక్తం పోశాక హిమోగ్లోబిన్ పెరగాలి కదా, ఏడు కాస్తా ఆరుకి పడింది.

బుధవారం పొద్దున్న కుంపటి పైకి వెళ్ళింది. మాష్టారి మంచం కిటికీ పక్కన, సరిగ్గా ఏసీ గాలి పడేచోట ఉంది. ఆయన భార్య, కుంపటి పిన్నీ అని పిలిచే ముసలావిడ, స్టూలు మీద కూర్చుని మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడతపెడుతోంది.

"పోసిన రక్తం ఎటు పోతోందమ్మాయ్?" అంది పిన్ని. "గాయం లేదు, కారడం లేదు. పక్కమీద చుక్క లేదు. ఆయన లోపల ఎవరో కూర్చుని తాగేస్తున్నట్టుంది. రోజూ ఆయన మొహం చూస్తున్నాను, ఇవాళ ఉన్నది రేపు ఉండట్లేదు."

మాష్టారు కళ్ళు తెరిచి నవ్వారు. ఆయన ముక్కు చివర, చెవుల అంచులు, పది వేళ్ళ కొసలు సిరాలో ముంచి తీసినట్టు నీలంగా ఉన్నాయి.

"ఈ వేళ్ళు చూశావా?" అన్నారు. "పొద్దున్న మొహం కడుక్కునేసరికి ఇవి నావి కాకుండా పోతాయి. దుప్పట్లో పెట్టుకుంటే మధ్యాహ్నానికి మళ్ళీ నా దగ్గరికి వస్తాయి. అడిగితే వయసు అంటున్నారు. వయసు పొద్దున్న వచ్చి మధ్యాహ్నం వెళ్ళిపోతుందా?" కాసేపు ఊపిరి తీసుకుని, "నా స్లైడు ఎవరు చూస్తున్నారు?" అని అడిగారు.

"నేనే మాష్టారూ. ఇంకొకళ్ళని ముట్టుకోనిస్తానా?"

"అయితే సరే," అని ఆయన నిశ్చింతగా కళ్ళు మూసుకున్నారు.

వసారాలో రక్తం డాక్టరమ్మ ఎదురైంది. రక్తపు జబ్బుల వార్డు ఆవిడదే. మాట తక్కువ, నిద్ర ఇంకా తక్కువ.

"మూలుగలో క్యాన్సర్ మళ్ళీ కనిపించింది. కొద్దిగానే," అంది డాక్టరమ్మ. "అంత కొద్దిదానికి ఇంత రక్తం మాయమవకూడదు. కానీ వేరే కారణం దొరకట్లేదు. శుక్రవారం గట్టి మందు మొదలుపెడుతున్నాను. ఆ మందుకి ఆయన తట్టుకుంటారని నేను మాటివ్వలేను. పెద్దావిడకి రేపు చెప్పాలి."

"ఇంకేం లేదా డాక్టరుగారూ?"

"ఒక్క అనుమానం ఉండేది. ఆయన స్లైడులో ఎర్రకణాలు గుంపులు కట్టి ఎక్కడైనా కనిపించాయా?"

"లేదండీ. పదకొండు స్లైడ్లూ నా కళ్ళతో చూశాను. ఒక్క గుంపు లేదు."

"మీరు చూశారంటే ఇక అడగక్కర్లేదు," అని డాక్టరమ్మ చేతిలో కాగితం మీద ఏదో ఒక గీత కొట్టేసి ముందుకి నడిచింది. కుంపటికి ఆ మాట ఎంత తియ్యగా వినిపించిందో తరవాత అంత చేదైంది.

గురువారం మధ్యాహ్నం, గట్టి మందుకి ముందు చేసే పరీక్షల కోసం మాష్టారి రక్తం ఆమే స్వయంగా తీసింది. ఆ నీలపు వేళ్ళకి దూరంగా, మోచేతి దగ్గర. ట్యూబు పట్టుకుని కిందికి వచ్చేసరికి భోజనాల వేళ. ల్యాబులో ఎవరూ లేరు. మిషను ఒక్కటే తనలో తను గొణుక్కుంటోంది. ట్యూబు అరచేతుల్లోకి తీసుకుందో లేదో ఫోను మోగింది. మొగుడు. కళ్ళజోడు కనిపించట్లేదట. ట్యూబుని ర్యాకులో పెట్టి, ఫోనులోనే ఇల్లంతా వెతికించి, పదినిమిషాలకి అది ఆయన నెత్తిమీదే దొరికిందని తెలిసి, నాలుగు చివాట్లు పెట్టి వెనక్కి వచ్చింది.

ర్యాకులో ట్యూబు ఆమె పెట్టినట్టు లేదు. గాజుగోడ నిండా గరుకుగా సన్నటి ఎర్రటి ఇసుక. వంచి చూస్తే ఇసుక మెల్లగా జారింది, దాని వెనక రక్తం పల్చగా, ఖాళీగా కనబడింది.

గడ్డకట్టింది, అనుకుంది. తను తీసిన రక్తం, గడ్డకట్టకుండా మందున్న ట్యూబులో. అలా జరగడానికి వీల్లేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో జరగలేదు. తను లేనప్పుడు స్వెటరు ముట్టుకుని ఉంటాడని గట్టిగా నమ్మింది. ట్యూబుని పిడికిట్లో బిగించుకుని, మెట్లు దిగి, భోజనాల గదికి వెళ్ళింది. అతను చెయ్యి కడుక్కుంటున్నాడు. కడుక్కుని తుడుచుకునేదాకా నిలబడి, "ఇదేంటి?" అని పిడికిలి విప్పింది.

స్వెటరు ట్యూబుని వెలుగుకి పెట్టి చూశాడు. "ఏముందక్కా? బాగానే ఉందిగా."

ఆమె లాక్కుని చూసింది. రక్తం నున్నగా, నిండుగా, తేనెలా జారుతోంది. ఒక్క రేణువు లేదు.

గడ్డకట్టిన రక్తం మళ్ళీ విడిపోదు. ఈ సంగతి మొదటిరోజు చేరినవాళ్ళకి కూడా తెలుసు. ఆమె పైకి వచ్చింది. ట్యూబుని అదే ర్యాకులో, అదే చిల్లులో పెట్టింది. చేతులు రెండూ కోటు జేబుల్లో దోపుకుని ఎదురుగా నిలబడింది. గోడ గడియారంలో మూడు నిమిషాలు, ఏమీ లేదు. అయిదు. ఏడో నిమిషంలో గాజు మీద ఒక చుక్క పుట్టింది. దాని పక్కన ఇంకోటి. తరవాత అవి ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు దగ్గరికి జరిగి అతుక్కున్నాయి. పదో నిమిషానికి గాజంతా ఇసుక. ఎవరూ ముట్టుకోలేదు. గదిలో ఎవరూ లేరు.

చెయ్యి చాచి ట్యూబుని పట్టుకుంది. వేళ్ళ కింద ఇసుక కరిగిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ వచ్చింది. నాలుగోసారికి ఆమె స్టూలు మీద కూలబడింది. తన చేతిలో ఉన్నంతసేపూ అది మంచి రక్తం. వదలగానే దాని అసలు మొహం. మూడు వారాలుగా ఆ మొహాన్ని ఎవరు కప్పిపెడుతున్నారో అప్పుడు అర్థమైంది. స్లైడు పరిచే ముందు నలభైసార్లు దొర్లించింది ఎవరు? వెచ్చటి పెట్టెమీద ఆరబెట్టింది ఎవరు? వెచ్చబెట్టవయ్యా అని బ్లడ్ బ్యాంకుకి చెప్పింది ఎవరు?

స్వెటరు వచ్చి గుమ్మంలో ఆగాడు. ఆమె తల ఎత్తకుండానే, "ఐసు తీసుకురా తమ్ముడూ" అంది.

గ్లాసులో ఐసు, దాన్లో ట్యూబు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఏ ట్యూబుకీ తలపెట్టని అపచారం. నిమిషం తిరక్కుండా రక్తం పాలలా విరిగి అడుక్కి పడింది. దాని పైన ఉత్త నీళ్ళు తేరడం స్వెటరు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె ట్యూబు తీసి గుప్పిట మూసింది. కాసేపటికి తెరిచింది. మళ్ళీ నున్నటి రక్తం.

"నువ్వు మూడు వారాలుగా చెబుతున్నది ఇదే," అంది.

స్వెటరు తన సొరుగు లాగాడు. అడుగున పదకొండు కాగితాలు, ప్రతిదీ నలిగినదే, ప్రతిదీ చేత్తో సాపు చేసి పెట్టినదే. యాభై ఎనిమిది. అరవై ఒకటి. యాభై నాలుగు.

"చెత్తబుట్టలోంచి తీశాను," అన్నాడు. "ఎప్పటికైనా నా చేతులదే తప్పని నా మీదికే వస్తుందేమోనని. ఇంకేం కాదక్కా."

"తప్పు చేతులదే. నీవి కాదు," అంది కుంపటి. పదకొండు కాగితాలూ, ఐసు గ్లాసూ, ట్యూబూ పట్టుకుని పైకి నడిచింది. దారిలో అబద్ధమాడటానికి చాలా అవకాశాలు తట్టాయి. ఇవాళే కొత్తగా కనిపించిందనొచ్చు. కాగితాలు మధ్య అంతస్తులో చెత్తడబ్బాలో వేసెయ్యొచ్చు. రెండేళ్ళలో పనిచాలించేది, మచ్చలేని పేరు. మధ్య అంతస్తులో ఆమె నిజంగానే ఒకసారి ఆగింది, ఆగినందుకు తనని తాను అసహ్యించుకుని మిగిలిన మెట్లెక్కింది.

డాక్టరమ్మ ముందు బల్లమీద అన్నీ పెట్టి, మొదటినుంచీ చెప్పింది. నిన్న తను లేదన్న గుంపులు ఎప్పుడూ ఉన్నాయనీ, తనే కరిగించేసి లేవని సంతకం పెట్టిందనీ చెప్పింది. డాక్టరమ్మ ఐసులోని ట్యూబుని పైకెత్తి చాలాసేపు చూసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నిన్న నేను కొట్టేసినది ఇదే," అని మాత్రం అంది. వెంటనే ఫోను అందుకుంది.

ఆ గంటలోనే మాష్టారి మంచం మీద ఏసీ ఆపేశారు. రెండు కంబళ్ళు కప్పారు. రక్తాన్ని ఎక్కించే ముందు వెచ్చబెట్టే పెట్టె కింద అంతస్తునుంచి వచ్చింది. శుక్రవారం గట్టి మందు కాగితం చిరిగిపోయి, వేరే మందు కాగితం వచ్చింది. పిన్నికి అర్థమయ్యేలా డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది.

"ఒంట్లో కాపలాకని కొన్ని పదార్థాలు ఉంటాయమ్మా. ఈ క్యాన్సర్ కణాలు వాటిలో ఒక పిచ్చిదాన్ని తయారుచేస్తున్నాయి. వెచ్చగా ఉన్నంతసేపు అది పడుకుంటుంది. చలి తగిలితే లేచి సొంత రక్తం మీదే పడుతుంది. కంచే చేను మేసినట్టు. ఇది అరుదు. రక్తపు క్యాన్సర్ ఉన్నవాళ్ళలో కూడా బహు కొద్దిమందికే వస్తుంది."

"అయితే నేను రోజూ చన్నీళ్ళ తువ్వాలుతో ఆయన మొహం తుడిచాను," అంది పిన్ని మెల్లగా, చేతిలో తువ్వాలుని చూసుకుంటూ.

అందరూ వెళ్ళాక కుంపటి మంచం పక్కన నిలబడింది. మాష్టారు ట్యూబూ ఐసూ చూపించమన్నారు. చూపించింది. తన రక్తం తన కళ్ళముందు విరిగి, ఆమె గుప్పిట్లో కరిగి, మళ్ళీ విరగడం ఆయన మూడుసార్లు చూశారు. మొహంలో భయం కంటే ముచ్చట ఎక్కువ కనబడింది. పాత టెక్నీషియన్ కదా.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అన్నారు.

"నేనే దాచాను మాష్టారూ. పదకొండుసార్లు."

"నేనే నేర్పాను."

"అది కాదు." ఆమె ఐసు గ్లాసు పక్కన పెట్టింది. "ముప్పై ఒక్క ఏళ్ళు. ఇంకా ఎంతమందిది ఇలా నున్నగా చేసి పంపించానో. ఒక బస్సు కండక్టరు వచ్చేవాడు, నడివేసవిలో చేతికి మేజోళ్ళు తొడుక్కుని. మనం నవ్వుకునేవాళ్ళం గుర్తుందా? అతని రక్తం కూడా నేనే దొర్లించాను. అతను తరవాత రాలేదు."

మాష్టారు కళ్ళు మూసుకున్నారు. గుర్తుందని ఆమెకి తెలిసిపోయింది. కాసేపటికి ఆయన కంబళిలోంచి కుడిచెయ్యి బయటికి తీశారు. కొసలు నీలంగానే ఉన్నాయి. "మేజోళ్ళు తేవడానికి ఎవరో వెళ్ళారట," అన్నారు. "అందాకా పట్టుకో."

ఆమె రెండు అరచేతుల మధ్య ఆ చేతిని పెట్టుకుంది. ట్యూబుని పట్టినట్టే పట్టి, దొర్లించబోయి ఆగింది. కాసేపటికి వేళ్ళ కొసల్లో నీలం వెనక్కి తగ్గింది, గోళ్ళ కింద గులాబీరంగు వచ్చింది. చూద్దామని ఒక్క క్షణం చెయ్యి తీసింది. నీలం గోళ్ళ కిందనుంచి మళ్ళీ పైకి పాకడం మొదలుపెట్టింది. ఆమె గబుక్కున పట్టుకుని, మేజోళ్ళు వచ్చేదాకా వదల్లేదు.

మర్నాటినుంచి ల్యాబులో పద్ధతి మారింది. ప్రతి ట్యూబునీ ముందు చల్లగా చూడాలి. ఆ తరవాతే వెచ్చబెట్టాలి. రెండు అంకెలూ కాగితం మీద ఉండాలి. చల్లగా చూసే పని స్వెటరుది, అతని చేతులకి ఇన్నేళ్ళకి మంచిరోజులొచ్చాయి. కుంపటి చేతులకి రబ్బరు తొడుగులు రెండు పొరలు. ఆమె తిట్టడం మాత్రం తగ్గలేదు. కానీ తిట్టేముందు కాగితం చదవడం నేర్చుకుంది.

మాష్టారు పద్నాలుగు నెలలు బతికారు. ఇంట్లో, మేజోళ్ళతో, చెవులకి మఫ్లరుతో, నడివేసవిలో కూడా. దారినపోయేవాళ్ళు చూసి నవ్వితే ఆయనా నవ్వేవారు. ఆఖరికి ఆయన్ని తీసుకుపోయింది క్యాన్సరే, రక్తం కాదు. ఆ సంగతి డాక్టరమ్మ కుంపటికి ప్రత్యేకంగా ఫోను చేసి చెప్పింది.

ఆయన పోయినరోజు పొద్దున్న పదింటికి కుంపటి వాళ్ళింటికి వెళ్ళేసరికి మేజోళ్ళు తీసేసి ఉన్నాయి. పది వేళ్ళూ నీలంగా ఉన్నాయి. గదిలో నలుగురు ఉన్నారు. ఆమె రబ్బరు తొడుగులు ఇంటిదగ్గరే మర్చిపోయింది. కింద కూర్చుని ఆయన కుడిచేతిని రెండు అరచేతుల మధ్యకి తీసుకుంది. ఇరవై లెక్కపెట్టింది. నలభై. తరవాత లెక్క తప్పింది. గోళ్ళకేసి చూస్తూనే ఉంది.

పిన్ని వచ్చి పక్కన కూర్చుని, "ఇక వదిలెయ్యమ్మాయ్," అనేదాకా పట్టుకునే ఉంది.